వాసన తెలియడం లేదని చెప్పలేదు

మా అత్తమ్మ ఇప్పుడు బాగుంది. పొద్దున్నే లేచి వాకిలి తానే ఊడుస్తానని చీపురు కోసం నాతో పోట్లాడుతోంది. ఆ మాట ముందే చెబుతున్నాను, చదివేవాళ్లు ఆమె గురించి దిగులు పడకుండా. ఇది రాస్తున్నది ఆమె జబ్బు గురించి కాదు. నాకు వచ్చిన జబ్బు గురించి, దాన్ని దాచిపెట్టి నేను చేసిన పని గురించి.

మాది బాన్సువాడ. మా ఆయన రమేశ్ బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. అమ్మాయి శ్రావణి ఇంటర్, అబ్బాయి తొమ్మిదో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది. నాకు పెద్ద పెద్ద వంటలేమీ రావు. వచ్చిందల్లా ఇంటిల్లిపాదీ కూర్చుని తినే రాత్రి భోజనం. జొన్నరొట్టెలు, గంగవాయిల కూర పప్పు. వాన పడితే కిచిడీ, పచ్చిపులుసు. ఆదివారం ఒక తీపి: బెల్లం వేసిన పాశమో, రొట్టె చిదిమి బెల్లం, నెయ్యి కలిపిన మలీదో. పాశమంటే మరేం లేదు, పాలల్లో బియ్యం ఉడికించి బెల్లం కలిపేది.

మా అబ్బాయి క్లాసు తల్లులం కొందరం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. రోజూ సాయంత్రం నాలుగింటికి నేను అందులో ఆ రాత్రికి ఏం వండితే తేలికో, పిల్లలకు ఏది మంచిదో నాలుగు వాక్యాల్లో రాసేదాన్ని. తల్లుల తర్వాత మా వీధి వాళ్లు చేరారు, వాళ్ల ద్వారా వాళ్ల చుట్టాలు చేరారు. కోటగిరి, వర్ని నుంచి కూడా మెసేజ్‌లు వచ్చేవి. "సుజాతక్క చెప్పిందంటే ఇగ కండ్లు మూసుకొని వండొచ్చు" అని ఒకామె రాసింది. ఆ మాటను నేను ఎన్నిసార్లు తీసి చదువుకున్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

జూలై చివర, కాలువ నీళ్లు వదిలి నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. ఐదు రోజులు ఒళ్లు కాలిపోయింది, ముక్కు దిబ్బడ. ఆ ఐదు రోజులూ శ్రావణి వండింది. ఆరో రోజు లేచి నేనే పొయ్యి ముందు నిలబడ్డాను. నూనెలో జీలకర్ర, వెల్లుల్లి వేశాను. చిటపట చప్పుడు వినిపించింది, వెల్లుల్లి ఎర్రబడడం కనిపించింది, కానీ వాసన లేదు. జలుబు ఇంకా వదల్లేదనుకున్నాను.

జలుబు వదిలింది. వాసన మాత్రం రాలేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరనుకుని ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తర్వాత కొబ్బరినూనె, అగరుబత్తీల కట్ట, కిరసనాయిలు గుడ్డ, చివరికి నా కొడుకు విడిచిన బడి చొక్కా. అన్నీ ఒక్కటే. తలుపులు మూసిన గదిలో నిలబడ్డట్టు అనిపించింది. చొక్కా చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వాడి చెమట వాసన నాకిక ఎప్పటికీ తెలియదా అని భయమేసింది.

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పి ఉండాల్సింది. మోటార్లు కాలిపోయే సీజన్, ఆయన తీరిక లేకుండా ఉన్నాడు, ఇంకో తలనొప్పి ఎందుకులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగం అబద్ధం. అసలు సంగతి, వాసన తెలియని మనిషిని వంట గురించి ఎవరు అడుగుతారు అన్నది. నాలుగు కాగానే గ్రూపులో ఎప్పటిలాగే రాశాను. చింతచిగురు పప్పు. "దించేముందు మంచి వాసన వస్తుంది చూడండి" అని కూడా రాశాను.

అన్నం నమలడం నానిన కాగితం నమిలినట్టుండేది. ఉప్పు, పులుపు, తీపి నాలుకకు తెలుస్తున్నాయి కానీ, ఇది పప్పు, ఇది వంకాయ అని తెలిపేదేదో పోయింది. తినబుద్ధి కాక తగ్గించేశాను. వండేటప్పుడు రుచి చూడడం కూడా మానేశాను. చేతి అలవాటు మీద వండుకుంటూ పోయాను. ఒక్కోసారి కారం ఎక్కువయ్యేది, ఒక్కోసారి అడుగంటేది. మా అబ్బాయి నీళ్లు తాగుతూ తినేవాడు. ఆయన కూర పక్కకు నెట్టి పెరుగుతో కానిచ్చేవాడు. ఎవరూ ఏమీ అనలేదు. జ్వరం పడి లేచిన మనిషి, ఇంకా ఓపిక రాలేదనుకున్నారట. ఆ సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది.

ఒకరోజు శ్రావణి కాలేజీ నుంచి వస్తూనే వంటింట్లోకి పరుగెత్తి కిటికీ తెరిచింది. గ్యాస్ పొయ్యి తిప్పి ఉంది, మంట లేదు. నేను అక్కడే, గడప దగ్గర కూర్చుని కూరగాయలు తరుగుతున్నాను.

"గింత వాసన కొడుతుంటే ఎట్ల కూసున్నవ్ అమ్మా?"

ఇప్పుడే తిప్పాను, అగ్గిపెట్టె కోసం చూస్తున్నాను అన్నాను. అది నా మొహం వైపు చూసి ఊరుకుంది. ఆ తర్వాత వారం రోజులు నాకు తెలియకుండా సిలిండర్ దగ్గరకు వెళ్లి చూసుకునేదట. నా బిడ్డకు ఆ కాపలా పని పెట్టినదాన్ని నేనే. అప్పటికీ నోరు విప్పలేదు.

ఇక ఆగస్టు సంగతి. వర్నిలో మా ఆయన దోస్తు ఇంట్లో ఫంక్షన్ ఉంటే ఆయన, పిల్లలు పొద్దున్నే వెళ్లారు. ఇంట్లో నేను, అత్తమ్మ. ముందురోజు మధ్యాహ్నం పాశం చేశాను. సగం గిన్నె మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోయి గట్టు మీదే ఉంచేశాను. బయట ముసురు, లోపల ఉక్కపోత. మర్నాడు మూత తీసి, పాత అలవాటు కొద్దీ ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాను. ఏ వాసనా రాలేదు. చెడు వాసనైతే రాలేదు కదా అని మనసుకు చెప్పుకున్నాను. ఒక్క చెంచా నోట్లో వేసుకుని ఉంటే పులుపైనా తెలిసేది. వేసుకోలేదు. వేడి చేసి గిన్నెలో పోసి అత్తమ్మకు ఇచ్చాను.

ఆమె రెండు చెంచాలు తిని ఆగింది.

"జర పుల్లగ కొడుతున్నట్టున్నది బిడ్డా."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నా జబ్బు బయటపడిపోతుందన్న భయమే అలా కోపమై వచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది. "బెల్లం గట్లనే ఉంటది అత్తమ్మా. మీ నోరే బాగలేదు" అన్నాను. ఆమె నా మొహం చూస్తూ గిన్నె ఖాళీ చేసింది. అడుగున ఉన్నది కూడా వేలితో తీసుకుని తింది, నన్ను నొప్పించకూడదని.

మధ్యాహ్నం మూడు కాకముందే వాంతులు మొదలయ్యాయి. తర్వాత విరేచనాలు. ఐదింటికి ఆమె గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయింది. పక్కింటివాళ్ల సాయంతో ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు ఏం తిన్నదని అడిగాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పొద్దున పాలు తాగింది సార్. పాలు మంచిగ లేకుండె."

ఆ మాట ముందుగా అనుకుని అన్నది కాదు. కానీ అన్నాక వెనక్కు తీసుకోలేదు. మా ఆయన వర్ని నుంచి పరుగున వచ్చి అడిగినప్పుడు కూడా అదే చెప్పాను.

మాకు పాలు పోసేది పోశవ్వ. కోటగిరి దారిలో ఉన్న ఊరి నుంచి రోజూ షేర్ ఆటోలో పాల క్యాన్లతో వచ్చి మా వీధిలో చాలా ఇళ్లకు పోస్తుంది. ఎనిమిదేళ్లుగా ఆమె పాలే తాగుతున్నాం. అత్తమ్మకు సెలైన్ ఎక్కుతుంటే, బెంచీ మీద కూర్చుని నేను ఫోన్ తీసి గ్రూపులో రాశాను. మా అత్తమ్మ దవాఖానలో ఉంది, పోశవ్వ పాలు ఎవరూ తీసుకోకండి, పిల్లలున్న ఇళ్లు జాగ్రత్త. అలా ఎందుకు రాశానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. అబద్ధాన్ని నలుగురూ నమ్మితే అది నిజమైపోతుందని ఆశపడ్డానేమో. నిమిషాల్లో జవాబులు వచ్చాయి. అయ్యో అక్కా అన్నారు. మంచి పని చేశావు, చెప్పావు అన్నారు.

మర్నాడు పొద్దున పోశవ్వ ఎప్పటిలా వీధిలోకి వచ్చింది. బట్టలు తీసుకుపోదామని ఇంటికి వచ్చిన మా ఆయన ఆమెను నడివీధిలో ఆపి నానా మాటలూ అన్నాడట. ఆమె క్యాను మూత తీసి, అందరూ చూస్తుండగా గ్లాసుడు పాలు తాను తాగి చూపించిందట. ఎవరూ గిన్నె పట్టుకుని బయటకు రాలేదు. దవాఖానకు వచ్చి ఆయన ఇదంతా చెబుతుంటే అత్తమ్మ కళ్లు మూసుకుని వింటోంది. నేను ఆమె కాళ్లు ఒత్తుతున్నాను. ఆమె కళ్లు తెరిచి నా వైపు చూసింది. కొడుకుతో మాత్రం ఏమీ అనలేదు.

మూడో రోజుకు మూత్రం రావడం తగ్గింది. కిడ్నీల మీద పడినట్టుంది, నిజామాబాద్ తీసుకెళ్లమన్నారు. అంబులెన్సులో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ చెయ్యి ఎండిన బీరకాయలా ఉంది. ఈమె పోతే ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు అన్న ఆలోచన వచ్చింది. అందులో ఒక రవ్వంత ఊరట కూడా ఉంది. అది నాలో నేను చూసిన అన్నిటికంటే హీనమైన గుణం. రాయకుండా దాటేద్దామనుకున్నాను. కానీ అది రాయకపోతే ఇదంతా రాయడమెందుకు?

నిజామాబాద్ దవాఖానలో బయటి హాలులో నాలుగు రోజులున్నాం. ఇనుప కుర్చీలు, గోడకు ఆనుకుని చాపలు. నర్సు తలుపు తెరిచిన ప్రతిసారీ పాతికమంది ఒక్కసారి తలెత్తేవాళ్లం. రెండో రోజు మా ఆయన మందులకు వెళ్లాడు. శ్రావణి ముందురోజు రాత్రి చేసి పంపిన ఉప్మా డబ్బా తీసి తింటున్నాను. పక్కన చాప మీద ఒకామె ఉంది. మహారాష్ట్ర సరిహద్దు ఊరట, భర్తకు బాగాలేక తెచ్చింది. తెలుగులో మాట్లాడుతూ మధ్యమధ్య మరాఠీలో కూతురికి ఫోన్ చేసేది. ఆమె ఒక్కసారిగా నా చేతిలోని డబ్బా పట్టుకుంది.

"తినకు అక్కా. ఖరాబైంది. ఇక్కడిదాక వాసన వస్తుంది." నా మొహంలోకి చూసి మెల్లగా అడిగింది. "నీకు తెలుస్తలేదా?"

ఇన్ని రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. నాకు ఏడుపు ఆగలేదు. తెలియడం లేదని చెప్పాను. పాశం సంగతి చెప్పాను. పాలామె మీద వేశానని కూడా చెప్పాను. పేరు తెలియని మనిషికి చెప్పడం తేలికయింది. ఆమె నన్ను ఓదార్చనూ లేదు, తిట్టనూ లేదు. తన రొట్టెలో సగం తుంచి ఇచ్చింది. తిని మొహం కడుక్కోమంది.

మర్నాడు అత్తమ్మకు మూత్రం రావడం మొదలైంది. నర్సు ఆ మాట చెబితే మా ఆయన గోడకు తల ఆనించి నిలబడ్డాడు. నన్ను లోపలికి పంపారు. మంచం పక్కన కూర్చుని, నాకు జ్వరం తర్వాత వాసన పోయిందనీ, ఆ పాశం ముందురోజుదనీ చెప్పాను.

"నాకు ఎర్కనే" అంది అత్తమ్మ. గొంతు సరిగా రావడం లేదు. "నువ్వు వంటింట్ల ఇంగువ డబ్బ ముక్కు కాడ పెట్టుకున్నప్పుడే చూసిన. నువ్వే చెప్తవని ఊకున్న."

క్షమించమని ఆమె చేతుల మీద తల పెట్టాను. ఆమె చెయ్యి తీసి నా తల మీద వేసింది. కానీ ఆ తర్వాత అన్న మాట మెత్తటిది కాదు.

"నాకు చెప్పుడు కాదు బిడ్డా. నేను బతికిన. పోశవ్వకు చెప్పు."

చెప్పాల్సిన మాట ఏదో తెలిసింది. అయినా ఇంటికి వచ్చాక మూడు వారాలు చెప్పలేదు. అత్తమ్మ కోలుకోనీ అనుకున్నాను, వినాయక చవితి వెళ్లనీ అనుకున్నాను. మా వీధిలోకి పోశవ్వ రావడం మానేసింది. పొద్దున ప్యాకెట్ పాల కోసం వెళ్లేటప్పుడు ఆమె ఆటో దిగే మలుపు దగ్గర తల దించుకుని నడిచేదాన్ని. అత్తమ్మ మళ్లీ అడగలేదు. అయితే వంట అవగానే ప్రతి గిన్నే తన దగ్గరకు తెమ్మనేది. మూత తీసి వాసన చూసి, "మంచిగున్నది, పెట్టు" అనేది. పిల్లల ముందు దాన్ని ముసలమ్మ చాదస్తంలా నడిపించేది, నా గుట్టు బయటపడకుండా. ఆ దయను మోయడం నాకు చేతకాలేదు. ఒక సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను.

శ్రావణి ఏడ్చింది. మా ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి అలాగే ఉంచేశాడు. కంచం పక్కకు జరిపి అన్నాడు.

"మా పెద్దక్కంత ఉంటది ఆమె. నడి బజార్ల నిలబెట్టి తిట్టిన గదా, నీ మాట మీద."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ముక్కు డాక్టరు దగ్గరకు తనే తీసుకెళ్లాడు. జ్వరాల తర్వాత కొందరికి ఇలా అవుతుందనీ, చాలామందికి మెల్లగా తిరిగి వస్తుందనీ, ఎప్పటికని మాత్రం చెప్పలేననీ అన్నాడు డాక్టరు. నిమ్మతొక్క, లవంగం లాంటివి రోజూ రెండు పూటలా, ఆ వాసన గుర్తు చేసుకుంటూ పీల్చమన్నాడు. ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చావని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపు మా ఆయన, "మేమే చూస్కోలేదు సార్" అన్నాడు. ఆ "మేమే" అన్న మాటకు నేను తల ఎత్తలేకపోయాను.

మరుసటి ఆదివారం పోశవ్వ ఊరికి వెళ్లాను. ఆయన తానూ వస్తానన్నాడు, ముందు నేను ఒక్కదాన్నే పోవాలన్నాను. పోశవ్వ కొట్టం ముందు గడ్డి వేస్తోంది. నన్ను చూసి పని ఆపలేదు. నిలబడే చెప్పాను. తప్పు పాలది కాదు, నాది, తెలిసే మీ మీద వేశాను అన్నాను. గడ్డి వేయడం అయ్యాక ఆమె చేతులు దులుపుకుని రాతి మీద కూర్చుంది.

"నువ్వు గట్ల పెట్టినవని తెలిసినంక, పాలల్లనే ఏమన్న ఉన్నదా అని నాకే అనుమానమొచ్చింది. బర్రెలను పశువుల డాక్టరుకు చూపెట్టిన. క్యాన్లు రెండుసార్లు తోముతుంటి." గడప వైపు చూసింది. "నా మనుమరాలికి రెండేండ్లు. నెల దినాలు దానికి పాలు పెట్టలే. పాలకని ఏడుస్తుంటే గంజి తాపిన. భయమైంది మరి. నీ అసుంటి చదువుకున్నామె ఊకనే అంటదా అనుకున్న."

ఆ పిల్ల గడపలో కూర్చుని మమ్మల్ని చూస్తోంది. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. తిడుతుందని సిద్ధపడి వెళ్లాను. నా మాట నమ్మి తన పసిపిల్ల నోటి దగ్గరి పాలు ఆపిందని వినడానికి సిద్ధపడి వెళ్లలేదు. కాళ్లు పట్టుకోబోతే ఆమె వెనక్కి జరిగింది.

"నా కాళ్లు పట్టుకుంటే ఏమొస్తది. ఏడ చెప్పినవో ఆడనే చెప్పు" అని లేచి లోపలికి వెళ్లింది.

తిరుగు ఆటోలోనే గ్రూపులో రాశాను. ఏదీ దాచలేదు. వాసన పోయిందని, గ్యాస్ సంగతి, నిల్వ పాశం, అత్తమ్మ మాటకు నేను ఇచ్చిన జవాబు, డాక్టరుకు చెప్పిన అబద్ధం. పోశవ్వ పాలు మంచివి, నేనే మంచిగా లేను అని ముగించాను. తర్వాత ఒకామె, "మా పిల్లలకు నీ మాట మీదనే వండి పెట్టినం అక్కా" అని మాత్రం రాసింది. కొందరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. నన్ను ఓదారుస్తూ రాసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలకంటే ఆ మొదటి వాక్యమే న్యాయంగా అనిపించింది.

మా ఆయన తర్వాత తానే వెళ్లి పోశవ్వకు మొక్కి, వీధిలో ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చాడు. బతుకమ్మ రోజులు వచ్చేసరికి ఆమె మళ్లీ మా వీధికి రావడం మొదలుపెట్టింది. కొన్ని ఇళ్లు ప్యాకెట్ పాలకు అలవాటుపడి తిరిగి ఆమె దగ్గరకు రాలేదు. ఆ నష్టం నేను పూడ్చగలిగేది కాదు. మా ఇంటికీ పోస్తుంది. గడప దగ్గర గిన్నె అందుకుంటుంది, పోస్తుంది, వెళ్తుంది. మునుపటిలా అత్తమ్మతో నాలుగు మాటలు చెప్పుకుంటుంది, నాతో లేదు. అలా ఉండడం ఆమె హక్కు.

ఇప్పుడు నాకు వాసన కొద్దికొద్దిగా వస్తోంది, అదీ వంకరగా. ఉల్లిగడ్డ వేగితే రబ్బరు కాలినట్టుంటుంది. నిమ్మతొక్క మాత్రం ఒకటి రెండుసార్లు నిమ్మతొక్కలాగే అనిపించింది. వంట మానలేదు. శ్రావణి పక్కన నిలబడుతుంది, మా అబ్బాయి రుచి చూస్తాడు, అత్తమ్మ వాసన చూసి సరే అంటుంది. పప్పు, రొట్టె, ఆకుకూర, అంతే. గ్రూపులో వంటల గురించి రాయడం మానేశాను.

పోయిన వారం ఆ గ్రూపులోని ఒకామె విడిగా మెసేజ్ పెట్టింది. మహమ్మద్ నగర్ వైపు ఊరు, నేనెప్పుడూ ఆమెను చూడలేదు. జ్వరం వచ్చి తగ్గి రెండు నెలలైందట, వాసన తెలియడం లేదట, ఇంట్లో చెప్పలేదట. అత్తగారికి తెలిస్తే ఏమంటుందోనని భయమట. అప్పుడు సాయంత్రం ఐదున్నర. నేను వెంటనే ఫోన్ చేశాను. రాత్రికి ఏం వండుతున్నావని అడిగాను. పొద్దుటి చికెన్ కూర ఉంది, వేడి చేస్తానంది.

"పొయ్యి ముట్టియ్యకు" అన్నాను. "ముందుగాల మీ అత్తమ్మను పిలువు. నేను లైన్లనే ఉంట."

ఆమె ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు, అడుగుల చప్పుడు. దూరంగా ఆమె "అత్తమ్మా, జర ఇటు రావా" అనడం వినిపించింది.